ఎఫ్‌డీ మొత్తం బ్రేక్ చేయకండి
సెక్రటరీ గారూ, మీ సంఘం హాల్ కప్పు కారుతోందని 6 లక్షల ఎఫ్‌డీ మొత్తం తీసేద్దామని కమిటీ అంటోందన్నారు. దయచేసి ఆగండి. గుంటూరులో మా సంఘం అదే చేసింది. మరుసటి వేసవిలో కరెంటు బిల్లుకు సభ్యుల ముందు చేయి చాచాం. వాచ్‌మన్ జీతం, కరెంటు, ఆస్తిపన్ను కలిపి కనీసం ఆరు నెలల ఖర్చు ముట్టకుండా ఉంచండి. దాతలు మూలధనానికని రాసిచ్చిన డబ్బు అసలే కదపొద్దు. పాత రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్ తిరగేస్తే అదెంతో తేలుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉంటే ఏటా రాబడిలో కనీసం 85 శాతం సంఘం ఆశయాలకే ఖర్చు కావాలి. మిగిలే 15 శాతానికి మించి కప్పు కోసం దాచాలంటే ఆడిటర్ చేత గడువులోగా ఫారం వేయించండి, 5 ఏళ్ల దాకా వీలుంది. ఈ ఆదివారమే తీర్మానం రాసి, కప్పు విరాళాలకు వేరే ఖాతా తెరవండి.