విదేశీ బ్రీడర్ దగ్గర హస్కీ కుక్కపిల్లను కొనొచ్చా?

భీమవరంలో ఉంటున్నాం, విదేశీ బ్రీడర్ (కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్మేవాడు) అడ్వాన్స్ అడుగుతున్నాడు, పంపొచ్చా అన్నారు. వద్దండి. 2016లో కేంద్రం బ్రీడింగ్, అమ్మకాల కోసం కుక్కల దిగుమతిని ఆపేసింది. సొంత పెంపుడు కుక్కకైనా మీ పేరున రికార్డులు, జంతు క్వారంటైన్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలి. లేకపోతే పిల్లను వెనక్కి పంపేస్తారు, ఖర్చు మీ నెత్తినే.

అసలు పిల్లే లేని బేరాలూ బోలెడు. డబ్బు పడగానే "ఏసీ బోనుకి ఇంత, ఇన్సూరెన్స్‌కి ఇంత, తర్వాత తిరిగిచ్చేస్తారు" అని మెసేజ్‌లు మొదలవుతాయి. తల్లితో సహా పిల్లను వీడియో కాల్‌లో చూపించమనండి, సాకులు చెబితే వదిలేయండి.

నిజంగా వచ్చినా, హస్కీ చలి దేశాల కుక్క, రెండు పొరల బొచ్చుతో మే నెల ఉక్కలో రోజంతా ఏసీ కిందే. గట్ల మీద తిప్పితే పిడుదులు పట్టి, వాటి వల్ల టిక్ ఫీవర్ రావచ్చు. పెడిగ్రీ కాగితం వంశం చెబుతుంది గానీ ఆరోగ్యం చెప్పదు. తల్లిదండ్రుల కళ్లు, తుంటి కీళ్ల రిపోర్టులు విడిగా అడగాలి.