దూరపు ఎన్‌హాన్సర్ ఏ జన్యువుదో తేల్చే పని గురించి మాధవికి

చిరంజీవి మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎలుక గుండె కణాలలో హిస్టోన్ ఎసిటైల్ గుర్తు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లపై ఉండే, ఆ చోటు చురుగ్గా ఉందని సూచించే రసాయన గుర్తు) బలంగా ఉన్న ఒక డీఎన్‌ఏ ముక్క నీకు దొరికిందనీ, అది ఎన్‌హాన్సర్ (జన్యువును పనిచేయించే స్విచ్చులాంటి ముక్క) అనీ, ఒక జన్యువు ఇంట్రాన్‌లో (జన్యువు లోపల ఉండి ప్రోటీన్ తయారీకి పనికిరాని భాగంలో) ఉంది కనుక ఆ జన్యువునే నియంత్రిస్తూ ఉంటుందని భావించి పని మొదలుపెట్టబోతున్నావనీ రాశావు. ఆ ‘కనుక’ దగ్గర ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు సంగతి చూడు. మెదడుకూ వెన్నుపాముకూ కాళ్లూచేతులకూ అన్నింటికీ అది కావాలి. కానీ కాళ్లూచేతులు మొలిచే చోట దాన్ని పనిచేయించే ఎన్‌హాన్సర్ మనుషుల్లో దాదాపు 10 లక్షల బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) దూరాన, ఎల్‌ఎంబీఆర్1 అనే వేరొక జన్యువు ఐదో ఇంట్రాన్‌లో ఉంది. జెడ్‌ఆర్‌ఎస్ అని పిలిచే ఆ ముక్క పొడవు సుమారు 800 బేస్ జతలే. అందులో కొన్ని చోట్ల ఒక్క అక్షరం మారినా, చిటికెన వేలి వైపు మాత్రమే పనిచేయవలసిన జన్యువు బొటనవేలి వైపు కూడా మేల్కొని, బిడ్డ అటువైపు అదనపు వేలితో పుడుతుంది. మొదట్లో కొందరు ఎల్‌ఎంబీఆర్1నే అనుమానించారు. లోపం ఆ జన్యువుది కాదని, దాని లోపల కూర్చున్న సోనిక్ హెడ్జ్‌హాగ్ ఎన్‌హాన్సర్‌దని 2003లో ఎడిన్‌బరోలోని లారా లెటిస్, రాబర్ట్ హిల్ బృందం చూపింది. ముక్క ఎవరి ఇంట్లో ఉందన్నది ఒక ప్రశ్న, ఎవరి కోసం పనిచేస్తోందన్నది మరో ప్రశ్న.

అదే ముక్కను జపాన్ పరిశోధకులు 2005లో ఎలుకల నుంచి తొలగించారు. సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువే లేకపోతే మెదడుతో సహా ఎన్నో అవయవాలు దెబ్బతిని పిల్ల బతకదు. ఎన్‌హాన్సర్ మాత్రమే లేని ఎలుకలలో కాళ్ల చివరి భాగాలు ఏర్పడలేదు, మిగతా చోట్ల జన్యువు ఎప్పటిలాగే పనిచేసింది. 2016లో మరో బృందం ఎలుకలో జెడ్‌ఆర్‌ఎస్ స్థానంలో కొండచిలువ ముక్కను పెడితే కాళ్లు కురచబడ్డాయి. పాములు పోగొట్టుకున్న 17 అక్షరాలను ఆ ముక్కలో తిరిగి చేర్చగానే కాళ్లు మళ్లీ ఏర్పడ్డాయి. నాకు ఈ రంగంలో ఇంతకంటే అందమైన ప్రయోగం కనిపించలేదు.

ఇక కణజాలం మాట. డీఎన్‌ఏ అన్ని కణాలలోనూ ఒకటే అయినా, ఎన్‌హాన్సర్‌పై వాలి దాన్ని పనిచేయించే ప్రోటీన్లు, అంటే ట్రాన్స్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అన్ని కణాలలోనూ ఉండవు. ఎర్రరక్తకణాలకు సంబంధించిన ఒక ముక్కను నేను చదువుకునే రోజుల్లో, సులభంగా పెరుగుతాయన్న ఒకే కారణంతో మూత్రపిండ కణాలలో పెట్టి పరీక్షించి, రిపోర్టర్ (ముక్క పనిచేస్తే వెలుగునిచ్చేలా దానికి జతచేసే జన్యువు) వెలగలేదని నాలుగు నెలల తరువాత పక్కన పెట్టేశాను. కె562 రక్త కణాలలో పెట్టినప్పుడు అదే ముక్క మొదటి వారంలోనే పనిచేసింది. కాబట్టి నీ ముక్కను గుండె కండర కణాలలోనే, అదీ ఆ గుర్తు కనిపించిన వయసు పిండం నుంచి తీసిన కణాలలోనే పరీక్షించు.

రిపోర్టర్ వెలిగితే ఆ ముక్కకు శక్తి ఉందని తెలుస్తుంది తప్ప, అది ఏ జన్యువుదో తెలియదు. క్రోమాటిన్ (ప్రోటీన్లకు చుట్టుకున్న డీఎన్‌ఏ) మడతపడి రెండు చోట్లు దగ్గరవుతున్నాయని హై-సీ పటంలో (డీఎన్‌ఏలో ఏ చోట్లు ఒకదానికొకటి తాకుతున్నాయో చూపే పటంలో) కనిపించినా అది సాక్ష్యమే గాని తీర్పు కాదు. డీఎన్‌ఏను కోరినచోట కోసే క్రిస్పర్‌తో ముక్కను దాని సొంత స్థానంలో తొలగించి, ఒక్క జన్యువును కాక చుట్టూ కనీసం 10 లక్షల బేస్ జతల పరిధిలోని జన్యువులన్నింటి ఆర్‌ఎన్‌ఏను (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే నకళ్లను) కొలువు. అప్పటికీ పిల్ల మామూలుగానే పుడితే నిరాశపడకు. 2018లో ఎలుకలలో కాళ్లకు సంబంధించిన పది ఎన్‌హాన్సర్లను ఒక్కొక్కటిగా తొలగించినప్పుడు కంటికి కనిపించే లోపమేదీ రాలేదు. ఒకే జన్యువుకు చెందిన రెండింటిని కలిపి తీసినప్పుడు తేడా బయటపడింది. అందుకే ఆకారం కంటే ముందు ఆర్‌ఎన్‌ఏను చూడమంటున్నాను.

నీ ఊహ నిజం కావచ్చు కూడా. గర్భస్థ శిశువుల హిమోగ్లోబిన్‌ను అణచివేసే బీసీఎల్11ఏ జన్యువును ఎర్రరక్తకణాల వంశంలో నడిపే ఎన్‌హాన్సర్ ఆ జన్యువు సొంత ఇంట్రాన్‌లోనే ఉంది. జన్యువును కోస్తే రోగనిరోధక బీ కణాలకూ ముప్పు కనుక, ఆ ఎన్‌హాన్సర్‌లో గాటా1 అనే ట్రాన్స్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ వాలే చోటును మాత్రమే రోగి రక్త మూలకణాలలో దెబ్బతీసి, ఆ గర్భస్థ శిశువుల హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచే సికిల్ సెల్ చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసీ కుటుంబాలలో ఆ జబ్బుతో బాధపడే పిల్లలను చూసినదాన్ని గనుక, ఇంట్రాన్‌లోని కొద్దిపాటి అక్షరాలు ఎంత చేయగలవో నేను తేలికగా మాట్లాడలేను.

క్రిస్పర్‌కు ఎక్కడ కోయాలో చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏలకు ఆర్డరు పెట్టేముందు, ముక్క హద్దులనూ చుట్టుపక్కల జన్యువుల జాబితానూ నాకు పంపు. ఎక్కడ కోయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ