పరిశ్రమల వ్యర్థజలం నిలిచిన పొలానికి బ్యాక్టీరియా పొడి పనిచేస్తుందా?

మందుల కంపెనీల వైపు నుంచి వాగు పొంగి మీ రెండెకరాల్లో పసుపు నీరు నిలిచిందనీ, వరి ఎండిపోయిందనీ, బోరు నీరు నురగ కడుతోందనీ, మట్టిని బాగుచేస్తుందంటూ ఒక డీలరు బ్యాక్టీరియా పొడి అంటగడుతున్నాడనీ రాశారు. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఈటీపీ ల్యాబులో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను: నీటిలో, మట్టిలో ఏముందో తేలేదాకా ఆ పొడి మీద రూపాయి కూడా పెట్టకండి.

ఇలాంటి నీటిలో సేంద్రియ రసాయనాలు, లవణాలు, కొన్నిచోట్ల లోహాలు కూడా ఉంటాయి. వీటిలో బ్యాక్టీరియా తినగలిగేది మొదటిదాన్నే. మా ల్యాబులో నమూనాను డైక్రోమేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో రెండు గంటలు మరిగించి, నీలిపచ్చ రంగు ఎర్రగోధుమకు తిరిగేదాకా చుక్క చుక్కగా టైట్రేషన్ చేసి సీఓడీ, అంటే నీటిలో సేంద్రియ రసాయనాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత, కట్టేవాళ్లం. గాలి ఊది బ్యాక్టీరియాతో శుద్ధిచేసే ఏరేషన్ ట్యాంకు దాటేసరికి ఆ సీఓడీ బాగా పడిపోయేది గానీ, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మాత్రం దాదాపు వచ్చినంతా వచ్చినట్టే బయటికి పోయేది. ఉప్పును తిని మాయం చేసే సూక్ష్మజీవి లేదు కాబట్టే, ఉప్పు ఎక్కువున్న నీటిని కంపెనీలు వేరుచేసి ఆవిరి చేయాల్సి వస్తుంది. సేంద్రియ రసాయనాలు కూడా అన్నీ లొంగవు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు.

ముందుగా బోరును కొంతసేపు వదిలిపెట్టి, పైపులో నిలిచిన నీరు పోయాక నమూనా పట్టండి. ద్రావకాల పరీక్షకైతే గాజు సీసాను గాలి బుడగ లేకుండా నింపి ఐసులో పెట్టి పంపాలి. మట్టిని నీరు నిలిచిన పల్లం నుంచి ఒకటి, తడవని గట్టు వైపు నుంచి ఒకటి, రెండుచోట్లా పైపొరను, అడుగు లోతు మట్టిని విడివిడిగా తీయండి. అన్నీ కలిపేస్తే ఆ రిపోర్టు ఎందుకూ కొరగాదు. మామూలు భూసార పరీక్షలో లోహాలు ఉండవు కనుక ఆర్సెనిక్, క్రోమియం, కాడ్మియం, సీసం పరీక్షలు విడిగా అడగాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కన సాగునీటి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) సెంటీమీటరుకు 2250 మైక్రోసీమెన్స్, ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతుందో చెప్పే లెక్క) 26, బోరాన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు. నల్లరేగడికి ఎస్ఏఆర్ 26 అనేది నా దృష్టిలో మరీ ఉదారమైన హద్దు.

తేలింది పాలచౌడు (లవణాలు పేరుకున్న నేల) అయితే మురుగుకాలువ తీసి, మంచి నీటితో ఉప్పును కిందికి కడగడమే మార్గం. పాడైన బోరు నీటితోనే కడిగితే ఉన్న ఉప్పుకు ఇంకొంత ఉప్పు చేరుతుంది. కారుచౌడు (సోడియం పట్టిన క్షార నేల) అయితే పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, నీరు నిలగట్టి, తర్వాత పచ్చిరొట్ట పైరు జీలుగ పెంచి కలియదున్నాలి. లోహాలు బయటపడితే మాత్రం సొంత వైద్యం వద్దు: సున్నం కాడ్మియాన్ని, సీసాన్ని మొక్కకు అందకుండా కొంత కట్టేసినా, ఆర్సెనిక్‌ను మరింత కదిలించగలదు. ఆర్సెనిక్ ఉన్న చోట నీరు నిలిపి వరి వేయకూడదు. కాడ్మియం ఉన్న చోట ఆకుకూరలు పండించకూడదు.

మీరు పట్టిన నమూనా ఫిర్యాదుకు బలమే తప్ప, 1974 నీటి చట్టం కింద సాక్ష్యంగా నిలవాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారులే కంపెనీకి నోటీసు ఇచ్చి, పద్ధతి ప్రకారం నమూనా తీయాలి. కాబట్టి వాగులో రంగు నీరు కనబడిన రోజే తేదీతో ఫోటోలు తీసి మండలికి రాయండి. కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025లో తెచ్చిన నియమాలు అనుమానిత స్థలాలను గుర్తించే పనిలో జిల్లా యంత్రాంగానికీ బాధ్యత పెట్టాయి, శుద్ధి ఖర్చును కాలుష్యానికి కారకుడైనవాడి మీద వేశాయి. అందువల్ల సర్వే నంబరుతో, ల్యాబు రిపోర్టు జతచేసి కలెక్టరు గారికి కూడా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రిపోర్టు వచ్చేదాకా ఆ బోరు నీటిని ఇంట్లో తాగడానికి, వంటకు వాడకండి, గేదెలకు కూడా పెట్టకండి.