మోరోసి తల దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆఫ్రికాలోని లెసోతోలో ఉండే ఫుథి జనం గురించి తెలుగులో రాయాలన్న నీ ఆలోచన బాగుంది. కానీ మొదటి వాక్యంలోనే వాళ్ల నాయకుడు మోరోసి తల నరికించేశావు. ఇంక చదివేవాడికి టెన్షన్ ఏముంటుంది?

గుర్రాల దొంగతనంతో ఎత్తుకుని చూడు. లెసోతో దక్షిణాన, సెంకు నది ఒడ్డున కుథింగ్ ప్రాంతం. 1871లో ఆ దేశాన్ని బ్రిటిషు వాళ్ల కేప్ కాలనీలో కలిపేశారు. 1877లో హామిల్టన్ హోప్ అనే మేజిస్ట్రేట్ కుథింగ్‌లో దిగాడు. గుడిసెకు 10 షిల్లింగుల పన్ను. తగవులు తీర్చేదీ ఇక దొరే. కొన్నాళ్లకు మోరోసి కొడుకు దోదాను గుర్రాల దొంగతనం కేసులో లోపలేశారు. ఫుథి వాళ్లు జైల్లోంచి విడిపించుకుపోయారు. అప్పగించమని మోరోసికి దొరల కబురు. ముసలాయనకు ఎనభై దాటాయి. కొడుకును అప్పగిస్తే రేపు ఆయన దగ్గరికి తగవు తీర్చమని ఎవరొస్తారు? ‘మొరెనా కె మొరెనా కా బాతో’ అంటారు అక్కడ. జనముంటేనే నాయకుడు అని. ముడి అంతా ఇక్కడుంటే, నువ్వు ఒక్క లైనులో దాటేశావు.

‘స్వతంత్ర రాజు’ అన్న మాట కొట్టెయ్. ఆయన బసూతోల రాజు మొష్వేష్వే పెద్దరికాన్ని ఒప్పుకున్నవాడు. 1879లో ఆ మొష్వేష్వే కొడుకు లెట్సియే కేప్ సైన్యానికి తోడుగా మనుషుల్ని పంపాడు. మరుసటేడు కేప్ ప్రభుత్వం తుపాకులు అప్పగించమనేసరికి బసూతోలే తిరగబడ్డారు! హీరో కథకు అడ్డమని వదిలేశావు కదూ? నాకైతే అసలు రుచి అదే.

‘మీసం మెలేసి’ కూడా తీసెయ్. అది మన పాళెగాడి వేషం. ‘స్వచ్ఛమైన జాతి’ అన్నదీ వద్దు. వాళ్ల భాష స్వాతి అనే ఆఫ్రికా భాషకు దగ్గర, బసూతోల భాష సెసోతోతో బాగా కలిసింది. కొండల్లోని సాన్ జనంతో మోరోసికి సావాసమూ ఉంది, వియ్యమూ ఉంది.

ముట్టడిని సాగదీయకు. కేప్ సైన్యం చుట్టుముట్టినా, మోరోసి ఉన్న కొండ 1879లో నెలల తరబడి లొంగలేదు. నవంబరు 20న, ఇంకా చీకటుండగానే, కొండ అంచుకు నిచ్చెనలు వేసి ఎక్కారు. ఆ నిచ్చెనల దగ్గర కాసేపు ఆగు. తల సంగతి తర్వాత ఒక్క వాక్యం చాలు.

తిరగరాసి పంపు. గుర్రాల రంగు మాత్రం కల్పించకు.

నీ అన్నయ్య