ఫ్లోరిడా స్కూళ్ళలో కమ్యూనిజం పాఠం గురించి భయపడాలా?

టాంపాకి మారుతున్నాం, అక్కడ కమ్యూనిజం గురించి చెప్పాలని చట్టమే ఉందట, పిల్లల మనసు పాడవదా అని అడిగారు కదా. మేమిక్కడే ఉంటాం, మా పెద్దోడు పోయినేడు ట్వెల్త్‌లో ఆ క్లాసు విన్నాడు, నాకు తెలిసింది చెప్తా.

చట్టం 2022లో వచ్చింది. నవంబర్ 7 కమ్యూనిజం బాధితుల దినం అన్నారు, 2023-24 నుంచి యూఎస్ గవర్నమెంట్ క్లాసులో దీని మీద కనీసం 45 నిమిషాలు చెప్పాలి. లెనిన్, స్టాలిన్, మావో, క్యూబా కాస్ట్రో, కంబోడియా పోల్ పాట్, ఆఖరికి వెనిజులా మదురో, వీళ్ళ పేర్లు చట్టంలోనే రాసేశారు. ఆరుగురికి 45 నిమిషాలు, మనిషికి ఏడున్నర, అందులో అటెండెన్స్ కూడా! 2024లో ఇంకో చట్టం చేశారు, 2026-27 నుంచి చిన్న క్లాసుల్లో కూడా వయసుకి తగ్గట్టు చెప్తారట. కొత్తేం కాదులెండి, 1961లోనే ఇక్కడ 30 గంటల కోర్సు పెట్టి, కమ్యూనిజం మేలని టీచర్ చెప్పకూడదని రాశారు.

మా ఇంట్లో తంటా వేరే. మాది జనగామ వైపు, మా తాత కమ్యూనిస్టుల సంఘంలో తిరిగినోడు, దొరకి వెట్టి చెయ్యం పో అని ఊరంతా ఎదురు తిరిగినప్పుడు ముందున్నోళ్ళలో ఒకడు. పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది కదా, ఆయన్ని జైల్లో వేసింది నిజాం కాదు, తర్వాతొచ్చిన మన సర్కారే. మా పెద్దోడు ఆ క్లాసు విన్నరోజు ఇంటికొచ్చి "డాడీ, ముత్తాత కూడా మనుషుల్ని చంపాడా" అన్నాడు. నాకు నోట మాట రాలే, ఎందుకంటే నాకూ పూర్తిగా తెలీదు, మా తాత ఎప్పుడూ చెప్పలే, మా టెన్త్ సోషల్ మాస్టారేమో ఆ పాఠం పరీక్షకి రాదని దాటేశారు.

అలాగని పాఠం అబద్ధం అనలేను. మా పక్కింటి క్యూబా పెద్దావిడ చిన్నప్పుడు ఒక్క పెట్టెతో వచ్చేసింది, తండ్రిని మళ్ళీ చూడలేదు. ఆవిడ దగ్గర మా తాత కథ ఇప్పటిదాకా ఎత్తలేదు నేను. నాకు నచ్చనిది పాఠం కాదు, ఏం చెప్పాలో నిమిషాలతో సహా అసెంబ్లీలో రాసేస్తే పిల్లోడి ప్రశ్నకి క్లాసులో టైమ్ ఎక్కడుంటుంది? టీచర్ మంచాయనే, స్లైడ్స్ అడిగితే వెంటనే పంపాడు, కానీ తెలంగాణ గురించి ఆయనకేం తెలుస్తుంది పాపం. చివరికి మా నాన్నకి వాట్సాప్ కాల్ కలిపి వాడి చేతికిచ్చా.

మీ పిల్లలు చిన్నోళ్ళయితే ముందు ఏడో క్లాసు సివిక్స్ చూసుకోండి, దానికి స్టేట్ పరీక్ష ఉంది, మా ఇంట్లో అసలు టెన్షన్ దానికే పడ్డాం.