తేలిక అన్న మాట కొట్టివెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

"ఛందస్సు నేర్చుకోవడం చాలా తేలిక" అన్న వాక్యంతో నీ ప్రవేశిక మొదలవడం చూసి, ఆ సాయంత్రానికి దాన్ని పక్కన పెట్టేశాను. తేలిక అని చెప్పినది తలకెక్కకపోతే చదివేవాడు రచయితను తప్పుపట్టడు, తన బుద్ధినే తిట్టుకుంటాడు. శైలి బాగుంది.

రెండో పేరాకే యమాతారాజభానసలగం, అంటే గణాలను (అక్షరాల గుంపులను) గుర్తుపెట్టుకునే సూత్రం, వచ్చేసింది. ఆ వెంటనే ఉత్పలమాల పద్యానికి పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం (పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు) అన్నావు. అన్నీ సరైనవే. కాని "ఉప్పు" అనే మాటలో అక్షరాలు రెండో మూడో తేల్చుకోలేని మనిషి ఆ ఇరవై ఎలా లెక్కపెడతాడు?

చాలా ఏళ్ల కిందట ఒక మాసపత్రికకు నేనూ ఇలాంటి పాఠాలు రాశాను. "ద్విత్వ, సంయుక్తాక్షరాల వలన గురువు ఏర్పడుతుంది" అని నిర్వచించి (ఎక్కువసేపు పలికే అక్షరం గురువు, తక్కువసేపు పలికేది లఘువు), కింద పన్నెండు ఉదాహరణలిచ్చాను. స్థలం చాలదంటూ సంపాదకుడు ఉదాహరణలన్నీ తీసేసి, నా ఛాయాచిత్రాన్ని మాత్రం పెద్దదిగా అచ్చువేశాడు. పదో తరగతి చదివే మా మేనకోడలు ఆ సంచిక ముందు పెట్టుకుని, వేమన "ఉప్పు కప్పురంబు"లో "ప్పు" కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గురువు గుర్తు పెట్టింది. గురువులయ్యేవి దాని ముందున్న ఉ, క అన్నవే; "ప్పు" మాత్రం లఘువే. ఆ సంపాదకుణ్ణి నేటికీ క్షమించలేదు గాని, ఆ పిల్లను దారి తప్పించింది నా వాక్యమే.

అప్పుడు ఇంట్లో పిలుపులతోనే మొదలుపెట్టాను. అమ్మ, నాన్న, అక్క అన్నవి ఒక గురువు, ఒక లఘువు; వదిన, మరిది అన్నవి మూడూ లఘువులే. "అమ్మ నాన్న వదిన యక్క మరిది" అని తానే నాలుగుసార్లు పలికి, గుర్తులు పెట్టుకున్న తరువాతనే ఆ రెండు రకాలనూ సూర్యగణాలంటారనీ, అవి అయిదు చేరితే ఆటవెలది పద్యంలో రెండో పాదమనీ, అమ్మలోని అకారం నాలుగో గణం మొదట మళ్లీ వినిపించడమే యతి అనీ చెప్పాను. (మధ్యలో ఆ యకారం ఎందుకని అడిగింది. రేపు చెబుతానన్నాను, వాయిదా వేయడమూ బోధనలో భాగమే.) మొండిపట్టు అనుకున్నా సరే, పాఠకుడి చెయ్యి ఒకసారి చేసి చూడని పనికి పేరు పెట్టవద్దు.

ఉత్పలమాల వంటి వృత్తాలను నాలుగో అధ్యాయానికి జరుపు. మొదటి పుట తిరిగి రాసి, ఛందస్సు పేరు వినని ఒకరి చేత నీ ఎదుటే చదివించు, మధ్యలో నోరు విప్పకు. వారు పెట్టిన తప్పు గుర్తులు చెరపకుండా ఆ కాగితాన్నే నాకు పంపు.