జ్వరం తగ్గాక కాఫీ కంపు కొడుతోంది.. మెదడులో ఏమైనా లోపమా?

ప్రశ్న: నా వయసు 43. ఉండేది కూకట్‌పల్లిలో. నాలుగు నెలల కిందట వైరల్ ఫీవర్ వచ్చి వాసన పూర్తిగా పోయింది. ఈమధ్య కొద్దికొద్దిగా తెలుస్తోంది కానీ కాఫీ, పోపు, బిర్యానీలో వేయించిన ఉల్లిపాయలు అన్నీ కాలిన రబ్బరు కంపు కొడుతున్నాయి. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. మరి లోపం ఎక్కడ? నెట్‌లో చూస్తే పార్కిన్సన్స్ తొలి లక్షణమని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు పార్కిన్సన్స్ సంగతి చూద్దాం. ఆ జబ్బులో వాసన ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. చాలామందికి తగ్గుతున్నట్టే తెలియదు. మీకు జ్వరంతో పోయింది, ఇప్పుడు తిరిగి వస్తోంది. ఇలా వాసనలు తారుమారు కావడాన్ని పరోస్మియా అంటారు. కోవిడ్ తర్వాత ఇది చాలామందిలో చూశాం. నెట్ జోలికి ఇక వెళ్లకండి.

ఎంఆర్ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటున్నాయో అందులో కనిపించదు. మీ ఇబ్బంది ఆ మాటల్లోనే ఉంది.

ముక్కు పైభాగంలో వాసన పట్టే కణాలుంటాయి. మనిషిలో వాటి రిసెప్టర్లు, అంటే వాసనను పట్టుకునే గ్రాహకాలు, దాదాపు 400 రకాలు. ఒకే రకం కణాల తీగలన్నీ పుర్రె ఎముకలోని సన్నటి రంధ్రాల్లోంచి వెళ్లి, మెదడు కింద ఉండే ఆల్ఫాక్టరీ బల్బ్‌లో ఒకచోట చేరతాయి. అక్కడ సినాప్స్ అనే అతిసన్నని సందులోకి గ్లూటమేట్ అనే రసాయనం విడుదలై, కబురును మెదడు లోపలికి మోసే మైట్రల్ కణాలకు అందుతుంది. అసలు విశేషం ఆ పక్కనున్న గ్రాన్యూల్ కణాలది. కబురు మోసే పొడవాటి తీగ వీటికి లేనేలేదు. ఈ రెండు రకాల కణాల పొట్టి కొమ్మలు ఒకదానికొకటి ఆనుకున్న చోటే మాట అటూ ఇటూ నడుస్తుంది. మైట్రల్ కణం గ్లూటమేట్‌తో గ్రాన్యూల్‌ను లేపితే, అది గాబా అనే రసాయనం వదిలి ఆ కణాన్నీ, దాని ఇరుగుపొరుగునూ తగ్గమంటుంది. పంచాయితీలో పెద్దమనిషి అందరినీ ఆపి ఒక్కరినే మాట్లాడమన్నట్టు. దగ్గరగా ఉండే వాసనలను విడదీసి గుర్తుపట్టడానికి ఈ అదుపే సాయపడుతుంది.

వైరస్ దెబ్బకు ముక్కులోని కణాలు పోతే కొత్తవి పుడతాయి. వాటి తీగలు బల్బ్ దాకా పెరిగి మళ్లీ సినాప్స్‌లు కట్టుకోవాలి. కొన్ని రకాలే ముందొచ్చినా, కొన్ని తప్పుచోట చేరినా, మెదడుకు అందేది సగం సగం కబురే. పరోస్మియాకు ఎక్కువమంది నిపుణులు చెప్పే కారణం ఇదే. కాఫీ, వేయించిన ఉల్లిలో గంధకం కలిసిన ఘాటు పదార్థాలుంటాయి. అవి రవ్వంత ఉన్నా తెలిసిపోతాయి కాబట్టి ముందు అవే కంపు కొడతాయి.

దీనికి మాత్ర లేదు. వాసన సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం.. ఒక్కోటీ 20 సెకన్లు, ఆ వాసనను గుర్తు తెచ్చుకుంటూ, రోజుకు రెండుసార్లు పీల్చండి. తైలం ముక్కులో వేసుకోవద్దు. కనీసం మూడు నెలలు పడుతుంది, అందరికీ పూర్తిగా రాకపోవచ్చు కూడా. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడొద్దు. అన్నం సయించకపోతే వేడివి మానేసి, పోపు లేని పెరుగన్నం తినండి.

ఎంఆర్ఐ తీసినా ఈఎన్‌టీ డాక్టర్ ముక్కు లోపల ఒకసారి చూడాలి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. ఒకపక్క ముక్కే మూసుకుపోయినా, రక్తం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి, గ్యాస్ లీకైతే ప్రస్తుతం మీకు తెలియకపోవచ్చు. వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించుకుని, రాత్రి రెగ్యులేటర్ కట్టేయండి.